ఒకే వెంట్రుకకు రెండు రంగులు ఎందుకు?

కొండల పక్కనున్న గ్రామాలలో పిల్లలకు ఏదుపంది ముల్లు దొరికితే అదొక పెన్నిధి. జానెడు పొడవుండే ఆ ముల్లుపై నలుపు, తెలుపు పట్టెలు ఒకదాని తరువాత ఒకటిగా తీర్చినట్లు ఉంటాయి. చూపులకు ముల్లే అయినా, నిజానికి అది బాగా లావెక్కి గట్టిపడిన వెంట్రుక. ముంగిస వెంట్రుకను ఒకదానిని తీసి వెలుతురులో పట్టి చూచినా ఇట్టి పట్టెలే కనిపిస్తాయి. ముంగిస ఒంటికి బూడిద చల్లినట్లుండే ఆ వర్ణం ఈ పట్టెల వలన వచ్చినదే.

మనిషి తలలో కూడ ఇట్టి చిత్రం ఉన్నది. పొడుగాటి జడ గల బాలిక కేశాలు కుదుళ్ళ వద్ద నల్లగా ఉండి, జడ కొసకు వచ్చేసరికి రాగి రంగుకు తిరుగుతాయి. నడివయస్సు వాని తలనుండి రాలిన వెంట్రుక ఒక్కొక్కప్పుడు కుదురువైపు తెల్లగా, కొసవైపు నల్లగా ఉంటుంది. ఒకే వెంట్రుకకు రెండు రంగులు ఎట్లా వచ్చినవి? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దీనికి సరియైన సమాధానం దొరకడానికి రెండువేల సంవత్సరాలకు పైగా పట్టినది. సమాధానం ఆలస్యం కావడానికి ఒకటే కారణం. రంగు “ఎందుకు” మారినదని అడిగినవారే గాని, “ఎక్కడ” మారినదని అడిగినవారు చాలకాలం వరకు లేరు.

ప్రాచీనుల ఊహలు

తల నెరయడాన్ని మన ఆయుర్వేదం పలితం అన్నది. క్రోధం, శోకం, శ్రమ వీని వలన దేహంలో పుట్టిన వేడిమి, పిత్తంతో కలిసి శిరస్సుకు చేరి కేశాలను పండిస్తుందని సుశ్రుత సంహిత చెబుతున్నది. గ్రీసు దేశంలో క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన అరిస్టాటిల్ దీనికి తారుమారుగా ఆలోచించాడు. వృద్ధాప్యంలో వేడిమి తగ్గిపోవడం వలన తేమ చెడి, పాత వస్తువుపై బూజు పట్టినట్లు వెంట్రుక తెల్లబడుతుందని అతని భావన.

ఒకరు వేడి ఎక్కువైనదన్నారు, మరొకరు తక్కువైనదన్నారు. కాని ఇద్దరి ఊహల వెనుక ఉన్న నమ్మకం ఒకటే. ఆకు పండినట్లు వెంట్రుక మొత్తం సజీవంగా ఉండి, లోపలినుండి మారుతుందని వారు తలచారు. ఈ నమ్మకమే తరువాతి శతాబ్దాలలో ఎన్నో అపోహలకు దారితీసినది.

సూక్ష్మదర్శిని చూపినది

ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1665లో ప్రకటించిన తన సూక్ష్మదర్శిని గ్రంథంలో వెంట్రుకలను గూర్చి కూడ వ్రాశాడు. మనిషి తలవెంట్రుక బోలుగా ఉన్న గొట్టం కాదనీ, కొమ్మువలె గట్టిగా నిండి ఉన్నదనీ అతడు గమనించాడు. ఈ పోలిక చాల సరియైనది. కొమ్ము, గోరు, గిట్ట, వెంట్రుక అన్నీ కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనవే.

సూక్ష్మదర్శిని మెరుగుపడిన కొలదీ వెంట్రుక నిర్మాణం స్పష్టమైనది. పైన ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై ఒకటి పరచుకొన్న పలుచని పొలుసులు. వాని లోపల మందమైన నడిమి పొర. కొన్ని వెంట్రుకలలో మధ్యగా సన్నని నాళం. రంగునిచ్చే రేణువులు ఎక్కువగా నడిమి పొరలో ఉంటాయి. చర్మంలోనికి దిగిన సన్నని సంచివంటి రోమకూపం అడుగున మాత్రమే సజీవ కణాలు విభజన చెందుతూ ఉంటాయి. అక్కడ పుట్టిన కణాలు పైకి నెట్టబడుతూ, గట్టిపడి, చనిపోయి వెంట్రుకగా బయటకు వస్తాయి. బయట కనిపించే వెంట్రుకలో నరం లేదు, రక్తం లేదు, ప్రాణమున్న కణం ఒక్కటి లేదు. అందుకే దానిని కత్తిరిస్తే నొప్పి కలుగదు.

ఇది జంతికల గొట్టం వంటి ఏర్పాటు. గొట్టంలో ఏ రంగు పిండి పెడితే ఆ రంగు జంతిక వస్తుంది. మధ్యలో పిండి రంగు మార్చితే అప్పటినుండి వచ్చే భాగానికే ఆ రంగు పడుతుంది గాని, అప్పటికే మూకుడులో పడిన భాగానికి పాకదు. అయితే మూకుడులో పడినది కూడ నూనెలో వేగి మరొక విధంగా రంగు మారుతుంది. వెంట్రుక విషయంలోను ఈ రెండే మార్గాలు. ఒకటి, కుదుటిలో తయారయ్యేటప్పుడే పడే రంగు. రెండవది, బయటకు వచ్చిన తరువాత ఎండ, గాలి, నీరు చేసే మార్పు. మూడవ మార్గం లేదు.

ఒక్క రాత్రిలో నెరసిన తలలు

ఈ సంగతి స్థిరపడక ముందు యూరపులో ఒక కథ బహుళ ప్రచారంలో ఉండేది. భయంకరమైన ఆపద వస్తే ఒక్క రాత్రిలో తల ముగ్గుబుట్ట అవుతుందని ఆ కథ. 1535లో శిరచ్ఛేదానికి గురియైన ఇంగ్లీషు మంత్రి థామస్ మోరును గూర్చి అట్లే చెప్పుకొన్నారు. ఫ్రెంచి రాణి మేరీ ఆంట్వానెట్ కథ మరింత ప్రసిద్ధమైనది. 1791 జూన్ నెలలో రాజకుటుంబం పారిస్ నుండి పారిపోతూ వారెన్ అనే ఊరిలో పట్టుబడినది. ఆ తరువాత రాణి జుట్టు ఒక్క రాత్రిలో తెల్లబడినదని, ఆమె పరిచారికలలో ఒకరైన మేడం కంపాన్ వ్రాసిన జ్ఞాపకాలలో ఉన్నది. రాణికి అప్పుడు 35 సంవత్సరాలు.

19వ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు ఈ కథలను కొట్టివేయక పరిశోధనకు పూనుకొన్నారు. 1866లో జర్మను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు లాండోయిస్ ఒక రోగి జుట్టు త్వరగా తెల్లబడినదని విని, ఆ వెంట్రుకలను పరీక్షించాడు. వానిలో రంగు పోలేదు. లోపల చేరిన గాలి బుడగలు వెలుగును చెదరగొట్టడం వలన అవి తెల్లగా కనిపించినవని అతడు తేల్చాడు. 1869లో బ్రౌన్-సెకార్డు అనే శాస్త్రజ్ఞుడు తన గడ్డాన్నే పరిశోధనశాలగా చేసికొన్నాడు. కనిపించిన తెల్ల వెంట్రుకలన్నిటిని పెరికివేసి, రెండు మూడు రోజులలో మరల కొన్ని కనిపించగా, నల్లని వెంట్రుకలు త్వరగా తెల్లబడగలవని ప్రకటించాడు. 1901లో, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తున్న రష్యను శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ మరొక వాదం చేశాడు. రక్తంలోని తెల్లకణాలు సూక్ష్మజీవులను మ్రింగినట్లే, కొన్ని సంచార కణాలు వెంట్రుకలోనికి ప్రాకి వర్ణరేణువులను మ్రింగి తీసికొనిపోతాయని అతడు భావించాడు. భక్షక కణాలను గూర్చిన కృషికి అతనికి 1908లో నోబెల్ బహుమతి లభించినది. కాని వెంట్రుక విషయంలో అతని వాదం నిలువలేదు. చనిపోయి గట్టిపడిన కెరటిన్ దారంలో సంచరించే కణాలు ఉండవు.

ఈ కథలకు చిన్న లెక్క ఒకటి చాలు. తలవెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు, అనగా రోజుకు ఒక మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే పెరుగుతుంది. కుదుటిలో రంగు తయారీ ఈ రాత్రి ఆగిపోయినా, తెల్లవారేసరికి తెల్లని భాగం చర్మం దాటి బయటకే రాదు. 30 సెంటీమీటర్ల వెంట్రుక మొత్తం తెల్లబడాలంటే దాదాపు రెండున్నర సంవత్సరాలు కావాలి. రాణి పట్టుబడిన 1791 జూన్ నుండి ఆమెకు మరణశిక్ష అమలైన 1793 అక్టోబరు వరకు 28 నెలలు. ఆ కాలంలో సుమారు 28 సెంటీమీటర్ల తెల్లని జుట్టు పెరగడం అసాధ్యం కాదు. ఒక్క రాత్రిలో మాత్రం అసాధ్యం.

అయితే కొందరి తల కొద్ది వారాలలోనే తెల్లబడినట్లు వైద్యులు చూచిన మాట నిజం. దానికి నేడు ఎక్కువమంది అంగీకరించే వివరణ ఏమనగా: తలలో నలుపు, తెలుపు కలిసి ఉన్నవారికి ఒక విధమైన కేశపతన వ్యాధి వచ్చినప్పుడు నల్లని వెంట్రుకలే ఎక్కువగా రాలిపోతాయి. తెల్లనివి మిగిలిపోతాయి. చూచేవారికి నల్లనివే తెల్లబడినట్లు తోస్తుంది. తోటలో పచ్చని మొక్కలు పెరికివేస్తే ఎండినవే కనిపించినట్లు, ఇక్కడ మారినది వెంట్రుకల రంగు కాదు, వాని లెక్క.

రంగు తయారయ్యే చోటు

వెంట్రుక రంగుకు మూలమైన పదార్థం మెలనిన్. ఇందులో రెండు రకాలు ఉన్నవి. నలుపు, గోధుమ వర్ణాలనిచ్చేది ఒకటి. పసుపు, ఎరుపు వర్ణాలనిచ్చేది మరొకటి. తెల్ల వెంట్రుకలో తెల్లని రంగు అంటూ ఏదీ లేదు. రంగులేని కెరటిన్‌పై పడిన వెలుగు చెదరిపోవడం చేత అది తెల్లగా కనిపిస్తుంది. కలకండ పలుకు పారదర్శకంగా ఉండి, దానిని పొడిచేస్తే తెల్లబడటం ఇట్టిదే.

మెలనిన్ తయారీ రహస్యం మొదట పుట్టగొడుగులో దొరకడం విచిత్రం. కొన్ని జాతుల పుట్టగొడుగులను కోస్తే గాలి తగిలి నల్లబడతాయి. ఫ్రెంచి రసాయనికులు బూర్కలో, బెర్‌త్రాన్ 1895, 1896 సంవత్సరాలలో దీనిని పరిశోధించి, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆమ్లజనితో కలిపి నల్లని పదార్థంగా మార్చే ఎంజైమును గుర్తించారు. అదే టైరోసినేజ్. కోసిన వంకాయ ముక్క నల్లబడటం కూడ ఈ కోవకు చెందిన ఎంజైముల పనియే. 1917లో స్విట్జర్లండు చర్మవైద్యుడు బ్రూనో బ్లాక్ ఇట్టి చర్య మనిషి చర్మంలోని ప్రత్యేక కణాలలో జరుగుతున్నదని చూపాడు. 1920 దశకంలో ఇంగ్లండులో రేపర్ ఈ చర్యలోని మెట్లను ఒక్కొక్కటిగా వివరించాడు. రోమకూపం అడుగున ఉండే వర్ణకణాలు మెలనిన్ రేణువులను తయారుచేసి, పెరుగుతున్న వెంట్రుక కణాలకు అందిస్తాయి.

టైరోసినేజ్ పనిచేయడానికి రాగి అవసరం. మేతలో రాగి చాలని చోట నల్లగొర్రెల ఉన్ని తెల్లబడుతుంది. రాగి అందించిన కాలంలో పెరిగిన భాగం నల్లగాను, అందించని కాలంలో పెరిగిన భాగం తెల్లగాను ఉండి, ఒకే ఉన్నిపోగుపై పట్టెలు ఏర్పడుతాయి. గొర్రె తిన్న మేతను దాని ఉన్నిపై చదువవచ్చునన్నమాట.

హిమాలయ కుందేలు మరొక సాక్ష్యం. ఈ జాతి కుందేలు తెల్లగా ఉంటుంది. చెవులు, ముక్కు, పాదాలు, తోక మాత్రం నల్లన. దీని టైరోసినేజ్ చల్లని చోటనే పనిచేస్తుంది. కుందేలు వీపుపై కొంత మేర తెల్లని బొచ్చు తీసివేసి, అక్కడ మంచుకట్ట కట్టి ఉంచితే, క్రొత్తగా మొలిచే బొచ్చు నల్లగా వస్తుంది. కట్టు విప్పిన తరువాత కూడ ఆ నల్లని బొచ్చు అట్లే ఉంటుంది. అది రాలి మరల మొలిచినప్పుడు తిరిగి తెల్లనిది వస్తుంది. రంగు కుదుటిలోనే నిర్ణయమవుతున్నదనడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

ముంగిస వెంట్రుకపై పట్టెలకు మేత గాని చలి గాని కారణం కాదు. వెంట్రుక పెరుగుతున్నప్పుడు కుదుటిలోని వర్ణకణాలు కొన్నాళ్ళు నల్ల మెలనిన్, కొన్నాళ్ళు లేతరంగు మెలనిన్ తయారుచేస్తాయి. ఎలుకలు, కుందేళ్ళు మొదలైన అనేక జంతువులలో ఈ మార్పును నడిపే జన్యువుకు అగూటి అని పేరు.

ఎండ చేసే పని

ఇక రెండవ మార్గం. 1818లో ఫ్రెంచి రసాయనికుడు తెనార్ హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొన్నాడు. ఇది మెలనిన్‌ను ఆక్సీకరణం చేసి రంగు పోగొడుతుంది. 1867లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో, దీనితో జుట్టుకు బంగారు వన్నె తెప్పించే పద్ధతిని చూపించారు. కుదుటితో పని లేకుండ, బయటనున్న వెంట్రుక రంగును మార్చవచ్చునని దీనివలన స్పష్టమైనది.

సీసాలోని ఈ ద్రవం నిమిషాలలో చేసే పనిని ఎండ సంవత్సరాల తరబడి నిదానంగా చేస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆమ్లజని, తేమ కలిసి మెలనిన్ అణువులను ఛేదిస్తాయి. నలుపు గోధుమవర్ణానికి, అక్కడనుండి రాగివర్ణానికి దిగుతుంది. 60 సెంటీమీటర్ల జడలో కుదుటి వద్దనున్న భాగం ఈ నెలలో పుట్టినది. కొస భాగం ఐదేండ్ల క్రిందట పుట్టినది. అనగా ఆ కొస ఐదు వేసవులు చూచినది. రాపిడి వలన దాని పైపొలుసులు కూడ ఊడిపోయి, ఎండకు రక్షణ మరింత తగ్గుతుంది. కొస ఎర్రబారడంలో వింత ఏమీ లేదు. అది వయస్సు మాత్రమే.

మనిషి చనిపోయిన తరువాత కూడ ఈ మార్పు ఆగదు. 1950లో డెన్మార్కులోని టొల్లండ్ వద్ద పీట్ బురదలో రెండువేల సంవత్సరాలకు పైబడిన పురుషుని శవం చెడకుండ దొరికినది. అతని జుట్టు నేడు ఎర్రగా కనిపిస్తున్నది. బురదలోని ఆమ్లాల చర్యయే ఆ ఎరుపుకు కారణం. బ్రతికి ఉన్ననాడు అతని జుట్టు ఎర్రగా ఉండేదని దీనినిబట్టి చెప్పడానికి వీలులేదు.

ఆకలి వ్రాసిన చారలు

ఈ రెండు మార్గాల భేదం పుస్తకజ్ఞానం కోసమే కాదు. దీనిపై పసిపిల్లల ప్రాణాలు ఆధారపడిన సందర్భం ఒకటి ఉన్నది.

నేడు ఘనా అని పిలువబడే గోల్డ్‌కోస్టులో పనిచేస్తున్న డాక్టరు సిసిలీ విలియమ్స్ 1933లో ఒక శిశువ్యాధిని వర్ణించి, 1935లో దానికి అక్కడి గా భాషలోని క్వాషియోర్కర్ అనే పేరును వైద్య ప్రపంచానికి తెలిపినది. తరువాతి బిడ్డ పుట్టగా తల్లిపాలకు దూరమైన పిల్లకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. చాలినంత మాంసకృత్తులు లేని తిండి దీనికి ముఖ్య కారణమని ఆమె గ్రహించినది. కాళ్ళు వాచడం, చర్మం పొరలుగా లేవడం, బిడ్డ మందకొడిగా ఉండటంతోపాటు, నల్లని జుట్టు పలుచబడి గోధుమ లేక ఎరుపు వర్ణానికి తిరగడం దీని లక్షణాలలో ఒకటి.

మెలనిన్‌కు మూలమైన టైరోసిన్, వెంట్రుకకు మూలమైన కెరటిన్ రెండూ ఆహారంలోని మాంసకృత్తులనుండి రావలసినవే. అవి కరువైనప్పుడు రోమకూపంలో రంగు తయారీ కుంటుపడుతుంది. బిడ్డకు కొంతకాలం తిండి దొరికి, కొంతకాలం దొరకక, మరల దొరికితే వెంట్రుకపై నలుపు, లేతరంగు చారలు వరుసగా ఏర్పడుతాయి. లాటిన్ అమెరికాలోని స్పానిషు భాషా వైద్యులు దీనికి “జెండా గుర్తు” అని పేరు పెట్టారు. చారల వెడల్పును కొలిస్తే ఆ బిడ్డ ఎన్ని నెలలు ఆకలితో ఉన్నదో అంచనా వేయవచ్చు.

తమిళనాడులోని కూనూరులో 1918లో ప్రారంభమైన పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టరు సి. గోపాలన్ మొదలైనవారు దక్షిణ భారతదేశపు శిశువులలో ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించారు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. తలకు నూనె లేక జుట్టు ఎర్రబారినదని మన గ్రామాలలో అనుకోవడం పరిపాటి. కొసలు మాత్రమే ఎర్రబారితే అది ఎండ పని. నల్లని జుట్టు గల బిడ్డకు కుదుళ్ళ వద్దనే జుట్టు పాలిపోయి, పలుచబడి, సులభంగా ఊడివస్తూ ఉంటే దానికి నూనె మందు కాదు. పప్పు, పాలు, గ్రుడ్డు ఉన్న ఆహారం, వెంటనే వైద్యుని సలహా అవసరం. ఆహారం సరిపడితే రంగు తిరిగి వస్తుంది. అయితే క్రొత్తగా మొలిచే భాగానికే వస్తుంది.

నెరుపు వెనుక కారణం

తల నెరయడం కుదుటిలో జరిగే మార్పే. వర్ణకణాలను ఎప్పటికప్పుడు సరఫరాచేసే మూలకణాలు రోమకూపంలో ఉన్నవని జపాను శాస్త్రజ్ఞురాలు నిషిమురా, ఆమె సహచరులు 2002లో చూపారు. వయస్సుతో ఈ మూలకణాలు తరిగిపోవడమే నెరుపుకు ముఖ్య కారణమని వారు 2005లో ప్రకటించారు. నెరసిన వెంట్రుకలలో హైడ్రోజన్ పెరాక్సైడు పేరుకొంటున్నదని 2009లో మరికొందరు కనుగొన్నారు. జుట్టుకు వన్నె తెప్పించడానికి బయటనుండి పూసే పదార్థమే దేహం లోపల కూడ తయారవుతున్నదన్నమాట.

శోకం, శ్రమ తల నెరపిస్తాయన్న పాతమాటలో సత్యం కొంత లేకపోలేదు. 2020లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఎలుకలను ఒత్తిడికి గురిచేసినప్పుడు, రోమకూపాలను చేరే నరాలు విడుదలచేసే రసాయనం వలన మూలకణాలు అకాలంగా ఖర్చైపోతున్నవని నిరూపించారు. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ పికార్డ్, అతని సహచరులు 14 మంది వెంట్రుకలను పరిశీలించారు. రెండు రంగులున్న వెంట్రుకలను కుదురునుండి కొసవరకు సూక్ష్మంగా కొలిచి, నెలకు 1 సెంటీమీటరు లెక్కన ఏ భాగం ఎప్పుడు పెరిగినదో గుర్తించి, ఆ మనుష్యులు తమ జీవితంలో ఒత్తిడిని గూర్చి వ్రాసి ఇచ్చిన వివరాలతో పోల్చారు. ఒకని తలలో 5 వెంట్రుకలు అతడు సెలవుపై విశ్రాంతిగా ఉన్న రోజులలోనే తెలుపునుండి మరల నలుపుకు తిరిగినవి. ఇది కొద్దిమందిలో, కొద్ది వెంట్రుకలలో కనిపించిన విషయం. విశ్రాంతితో నెరసిన తల అంతా నల్లబడుతుందని దీని అర్థం కాదు. కాని నెరుపు ఆరంభదశలో కొంతవరకు వెనుకకు మరలగలదన్నది క్రొత్త సంగతి.

తరగతిలో చేయదగిన పరిశీలన

ఈ శాస్త్రమంతా నేర్పడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. దువ్వెనలో చిక్కిన పొడుగాటి వెంట్రుక ఒకటి, తెల్లకాగితం ఒకటి, కొలబద్ద ఒకటి, భూతద్దం ఒకటి చాలు. వెంట్రుకను కాగితంపై అంటించాలి. చిన్న ఉబ్బు ఉన్న కొస కుదురు. అక్కడనుండి ప్రతి సెంటీమీటరుకు ఒక గీత గీసి, వెంట్రుక రాలిన నెలనుండి వెనుకకు ఒక్కొక్క నెల పేరు వ్రాయాలి. గోరింటాకు పెట్టిన తలలోని వెంట్రుక అయితే ఎర్రని భాగం ఎక్కడ ఆగినదో చూచి, గోరింటాకు పెట్టి ఎన్ని నెలలైనదో విద్యార్థులే చెప్పగలరు. వెంట్రుక రాలడానికి ముందు రెండు మూడు నెలలు పెరుగుదల ఆగి ఉంటుంది గనుక లెక్కలో ఆ మేరకు తేడా రావచ్చు.

అప్పుడు ప్రతి రంగును చూచి ఒకటే ప్రశ్న వేయాలి: ఇది కుదుటిలో పడినదా, ఎండలో వచ్చినదా? రంగు క్రమక్రమంగా కొసవైపు పలుచబడితే ఎండ పని. మధ్యలో ఎక్కడో మొదలై మరొక చోట ముగిస్తే అది ఆ నెలలలో ఆ మనిషికి జరిగిన సంగతి. ఒక్కొక్కప్పుడు అది బిడ్డ ఆకలి కావచ్చు. దానిని చదువగలిగిన ఉపాధ్యాయుడు ఆ బిడ్డను సమయానికి వైద్యుని వద్దకు పంపగలడు.